మొదటి వారం పిల్లల చేత ఏ సేవా చేయించకండి

అమెరికా నుంచి ఏటా వేసవిలో యువ వాలంటీర్లను మన ఊళ్లకు పంపుతున్న తెలుగు సంఘాల నిర్వాహకులకు, ఆ పిల్లల తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మార్చి నెల వచ్చిందంటే నా ఫోనుకు మీ నుంచి కబుర్లు మొదలవుతాయి. "మేడం, ఈసారి పన్నెండు మంది వస్తున్నారు. మూడు వారాలు ఉంటారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు, గోడలకు రంగులు వేస్తారు. మీరు కాస్త చూసుకోవాలి." ఆ "కాస్త చూసుకోవడం" గురించే ఈ ఉత్తరం. నాలుగు వేసవులు చూసుకున్నాను. అయిదోసారి సరేననే ముందు కొన్ని మాటలు అందరికీ వినబడేలా చెప్పాలనిపించింది. ఒక్కొక్కరికీ విడిగా చెబితే "తప్పకుండా మేడం" అంటారు. జూన్ వచ్చేసరికి మళ్లీ అదే బ్యానరు, అదే వేదిక.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. అందులో పదకొండేళ్లు జాతీయ సేవా పథకం ప్రోగ్రాం ఆఫీసరుగా కూడా పనిచేశాను. ఎన్.ఎస్.ఎస్. అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మీరూ ఇక్కడి కాలేజీల్లో చదివినవారే కదా. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఊళ్లో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం, వందమంది విద్యార్థులకు ఒక ప్రోగ్రాం ఆఫీసరు. మీ పిల్లలు చేసిన సేవకూ గంటల లెక్క రాసి, కాగితం మీద సంతకం పెట్టాలి కదా, ఆ గంటలు లెక్కపెట్టే సేవ నాకు కొత్త కాదు. చేయని గంటలు రాసుకొచ్చిన పిల్లలనూ చూశాను. ఏడాది చివర్లో ఆ కాగితాల మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టిన సందర్భాలూ ఉన్నాయి, దాచుకోను.

నేను అడగబోయేది ఒక్కటే, దాన్ని మొదటే చెప్పేస్తాను. మీ పిల్లలు వచ్చిన మొదటి వారం వాళ్ల చేత ఏ సేవా చేయించకండి. పాఠం వద్దు, రంగు డబ్బా వద్దు, పంపిణీ అసలే వద్దు. ఆ ఏడు రోజులూ వాళ్లు ఊళ్లో ఊరికే ఉండాలి. ఇలా అంటే మీకు ఎలా ఉంటుందో తెలుసు. టికెట్టుకు అంత డబ్బు పోసి, ఉన్న మూడు వారాల్లో ఒక వారం ఖాళీగా కూర్చోబెడతారా అని ఒక తండ్రి నన్ను అడిగారు కూడా. ఆయనకు అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి ఏడాది ఏం జరిగిందో వినండి. తొమ్మిది మంది పిల్లలు, పదిహేను నుంచి పదిహేడేళ్ల లోపు వాళ్లు, తెల్లవారుజామున మూడింటికి శంషాబాదులో దిగారు. ఖమ్మం, సత్తుపల్లి మీదుగా మా చింతలపూడి వైపు చేరేసరికి పొద్దెక్కింది. పదకొండింటికి ప్రారంభోత్సవం. ముహూర్తం మాది కాదు, నాయకుడిగారిది. ఎండలో షామియానా, మెడలో దండలు, ఒకరి తర్వాత ఒకరుగా ఆరుగురు వక్తలు. అమెరికా తూర్పు తీరానికీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా. మన శరీరంలో కూడా ఒక గడియారం ఉంటుంది, దాన్ని ముల్లు పట్టుకుని తిప్పలేం. రోజుకు సుమారు గంట చొప్పున నెమ్మదిగా సర్దుకుంటుంది. అంటే ఆ వేదిక మీద కూర్చున్న పిల్లలకు అది అర్ధరాత్రి దాటిన వేళ. ఇద్దరు దండలతోనే కునుకు తీశారు. ఒకమ్మాయి లేచి నిలబడి, రెండు మాటలు మాట్లాడి, కళ్లు తిరిగి పడబోయింది. పట్టుకున్నాను. అప్పటికి పదహారు గంటలుగా ఆ పిల్ల సరిగా నీళ్లు తాగలేదు. ఇక్కడి నీళ్లు తాగవద్దని ఇంట్లో గట్టిగా చెప్పి పంపారు, తాగదగ్గ నీళ్లు ఎక్కడ దొరుకుతాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అదే మధ్యాహ్నం పంపిణీ పెట్టారు. రెండు పెట్టెల నిండా పెన్నులు, పళ్లు తోముకునే బ్రష్షులు, చాక్లెట్లు. బడిలో పిల్లలు 112 మంది. చాక్లెట్ పొట్లాలు చూస్తే తొంభైకి మించవు. ఆ సంగతి పంచడం మొదలయ్యాక గాని తెలియలేదు. చివరి వరుసలోని ఆరో తరగతి పిల్లలకు అందలేదు. ఆ తర్వాత మూడు వారాల పాటు మీ పిల్లలు బడి గేటు దాటగానే చిన్నవాళ్లు చేతులు చూసేవారు, మొహాలు కాదు. తొమ్మిది మందీ మంచి పిల్లలే. చాక్లెట్లు ఇచ్చే అక్కలుగా, అన్నలుగా మాత్రం వాళ్లను మొదటి పూటే మనం ఖాయం చేసేశాం. ఇక ఎంత ఇంగ్లీషు చెబితే ఏం లాభం?

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. రెండో ఏడాది మీ వాళ్లు పిల్లల బనియన్ల మీద తెలుగులో "వాలంటీర్" అని పెద్దక్షరాలతో అచ్చు వేయించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొన్నేళ్ల పాటు వాలంటీరంటే ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను ఇచ్చే మనిషి. రామాలయం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ మీ కుర్రాణ్ని ఆపి, తన పింఛను ఏదని నిలదీసింది. వాడు బెంబేలెత్తి జేబులోని అయిదు వందలు తీసి ఇచ్చాడు. మర్నాడు అరుగు మీద నలుగురు కూర్చున్నారు.

ఒక వారం ఊరికే ఉండడం నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మీ దేశపు శాంతిదళం, అదే వాలంటీర్లను పరాయి దేశాలకు సేవకు పంపే ప్రభుత్వ సంస్థ పీస్ కోర్, 1961లో మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే దాని సభ్యులు మన దేశానికి వచ్చారు, 1976 వరకూ వస్తూనే ఉన్నారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ అరవై ఎనిమిదేళ్ల వయసులో ముంబై దగ్గర విఖ్రోలీలో పనిచేసింది ఆ దళం తరఫునే. అందులో సేవాకాలం రెండేళ్లు. ఆ రెండేళ్లు మొదలు కాకముందు దాదాపు మూడు నెలలు శిక్షణ. ఇప్పుడైతే ఆ శిక్షణ కూడా వెళ్లిన దేశంలోనే ఇస్తారు, ఎక్కువ చోట్ల ఒక స్థానిక కుటుంబంతో ఉంటూ, వాళ్ల భాష నేర్చుకుంటూ. పెద్ద చదువులు చదివినవాళ్లకే అన్ని రోజులు కావాలనుకున్నారు. పదహారేళ్ల పిల్లలకు మనం ఒక్క పూట కూడా ఇవ్వడం లేదు.

అంతకన్నా పాత సంగతి మరొకటి ఉంది. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. స్విట్జర్లాండు నుంచి పియర్ సెరెసోల్ అనే ఇంజినీరు సాయానికి బయలుదేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో, వెర్డున్ దగ్గర శిథిలమైన ఒక ఫ్రెంచి ఊరిని తిరిగి కట్టడానికి పలు దేశాల వాళ్లను కూడగట్టినవాడు ఆయన. బీహారుకు ఒకేసారి దండు కట్టుకుని రాలేదు. ముందు తాను వచ్చి చూశాడు, ఇక్కడివాళ్లతో మాట్లాడాడు, వెళ్లాడు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టదగిన మనుషులతో తిరిగొచ్చి, ఊళ్లవాళ్లతో కలిసి ఇళ్లు కట్టే పనిలో దిగాడు. ఆయన పెట్టిన సంస్థ నినాదం "మాటలు కాదు, చేతలు". అంతటి చేతల మనిషి కూడా ముందు చూసి వెళ్లడానికి ఒక ప్రయాణం ఖర్చు పెట్టుకున్నాడు.

సరే, మొదటి వారంలో పిల్లలు ఏం చేయాలి? నిద్రపోవాలి. తినాలి. కడుపు కాస్త చెడుతుంది, మూడో రోజో నాలుగో రోజో సర్దుకుంటుంది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ల పొట్లాలు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. పొద్దున్నే ఎండెక్కక ముందు ఊరంతా నడవాలి. ఇంటింటికీ వెళ్లి పేర్లు అడగాలి, తమ పేర్లు చెప్పాలి. మా ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో మొదటి రెండు రోజులూ సర్వే పేరుతో ఇదే చేసేవాళ్లం. ఆ సర్వే ఫారాలను తర్వాత ఎవరైనా చదివారో లేదో నాకు అనుమానమే, కాని ఆ వంకతో విద్యార్థులు ప్రతి గడపా తొక్కేవారు. మధ్యాహ్నం బడిలో పిల్లల పక్కన కూర్చుని అదే భోజనం తినాలి. సాయంత్రం ఆటలు. రాత్రి తొమ్మిదికల్లా మంచాలెక్కాలి.

మంచాలు అని ఊరికే అనలేదు. ఒక ఏడాది మీ కార్యక్రమంలో "గ్రామీణ అనుభవం" అని రాసి, పిల్లలు బడి వరండాలో నేల మీద పడుకుంటారన్నారు. నేను కుదరదన్నాను. నన్ను చాదస్తపు మనిషి కింద జమకట్టారు. జంతుశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి ఇప్పుడు వివరంగా చెబుతాను. తొలకరి పడ్డాక కలుగుల్లోకి నీళ్లు చేరి పాములు మెట్టకు వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. గాటు సరిగ్గా కనిపించదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతుంటే గాని తెలియదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకూ పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. మా ఊరివాళ్లు నేల మీద పడుకునేది అనుభవం కోసం కాదు, మంచాలు లేక. మంచం, దోమతెర, చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు. ఈ నాలుగూ లేనిదే నా పర్యవేక్షణ లేదు.

మూడో ఏడాది కార్యక్రమం ఒక వారం ఆలస్యంగా మొదలైంది, అదీ నా గొప్ప వల్ల కాదు. రంగులు రావలసిన లారీ రాలేదు. ఇంగ్లీషు పాఠాలకు పై అధికారి అనుమతి కాగితం కూడా అందలేదు. పిల్లలు అయిదారు రోజులు చేసే పని లేక బడి ఆవరణలో తిరిగారు. వాళ్లలో ఒక పదహారేళ్ల అమ్మాయి, మాట తక్కువ, తెలుగు బాగానే అర్థమవుతుంది, వంటగది దగ్గర చేరింది. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లతో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. మూడు రోజులు అదే పని. ఆ ఆడవాళ్లు తమ కష్టసుఖాలు చెప్పుకొన్నారు, కోడళ్లను తిట్టుకున్నారు, ఆ మాటల్లోనే ఒక సంగతి బయటపడింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు పొద్దుట నుంచి నీళ్లు తాగడం లేదు. ఎందుకంటే వాళ్ల మరుగుదొడ్ల తలుపులకు లోపల గడియలు లేవు. బయట ఒకరు కాపలా నిలబడితే గాని వెళ్లలేరు. నెలలో ఆ నాలుగు రోజులూ కొందరు బడికే రారు.

నేను ఆ బడికి మూడేళ్లుగా వెళుతున్నాను. ఆడదాన్ని, చదువు చెప్పినదాన్ని. నాకు ఆ సంగతి తెలియదు. ప్రధానోపాధ్యాయులకు తెలియదు. ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఏ ఆడపిల్ల చెబుతుంది? ఆ అమ్మాయి వచ్చి నా చెవిలో చెప్పింది. మర్నాడు వడ్రంగిని పిలిచాం. మూడు గడియలు, మేకులు, కూలీ, అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కాలేదు. నాలుగేళ్లలో మీ కార్యక్రమం వల్ల మా ఊళ్లో జరిగిన మేలు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ గడియలే చూపిస్తాను. రంగులు వేసిన గోడ రెండు వానలకే పెచ్చులూడింది.

ఆ అమ్మాయి వెళ్లే ముందు తన గంటల కాగితం తెచ్చింది. అందులో "చేసిన సేవ" అని ఒక గడి ఉంది. ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి "వంటగదిలో బియ్యం ఏరడం, తొమ్మిది గంటలు" అని రాసి సంతకం పెట్టాను. మీ కార్యాలయం దాన్ని వెనక్కి పంపి, "బోధన" అని మార్చమంది. నేను మార్చలేదు. మీకు గుర్తుండకపోవచ్చు.

ఇక, మీకు రుచించని సంగతి ఒకటి. ఏడో తరగతిలో ఒక పిల్ల మీ కుర్రాణ్ని "మీరేమిట్లు?" అని అడిగింది. మా వైపు ఆ మాటకు అర్థం మీకు తెలుసు, వాడికి తెలియదు. "మేము ఇండియన్ అమెరికన్లం" అన్నాడు. తరగతి గొల్లుమంది. వాడు చిన్నబుచ్చుకుని, ఆ రాత్రి తల్లికి ఫోను చేసి అడిగాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత చెప్పిందట. పదహారేళ్లు వచ్చాక, సేవ చేయడానికి వచ్చిన ఊళ్లో, ఒక బడిపిల్ల ప్రశ్నకు జవాబు కోసం వాడు తన కులం తెలుసుకున్నాడు. మర్నాడు తరగతిలో హోంవర్కు అప్పగించినట్లు చెప్పేశాడు, పాపం, తప్పేమిటో తెలియక. ఆ మధ్యాహ్నం వాడి జట్టులోని ముగ్గురు పిల్లలు లేచి మరో జట్టులోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లు పేట నుంచి, అంటే దళితవాడ నుంచి, వచ్చే పిల్లలు.

వాణ్ని తప్పుపట్టను. తప్పు మన ఏర్పాటులో ఉంది. మీ కార్యక్రమాలు ఎక్కువగా మీ సొంత ఊళ్లకే వస్తాయి, అందులో దోషం లేదు, పుట్టిన ఊరి మీద ప్రేమ ఎవరికుండదు? కాని పిల్లల బస ఎవరి ఇంట్లో? మీ పెదనాన్నగారి మేడలో. భోజనం ఎక్కడ? మీ అత్తయ్యగారింట్లో. సాయంత్రం కూర్చునేది మీ వీధి అరుగుల మీద. మీ పిల్లలు ఊరికి వస్తున్నామనుకుంటున్నారు, వస్తున్నది ఒక వీధికి. బడికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా ఆ వీధిలోకి పని ఉంటే తప్ప రారు. ఆ ఇంటి పిల్లలుగా వచ్చి, ఆ ఇంటి కారు దిగి, బడిలో "మనమంతా ఒక్కటే" అని పాట నేర్పితే చిన్నవాళ్లకు నవ్వు రాదా? అందుకే నాలుగో ఏడాది నుంచి బస మార్చాను, బడికి దగ్గరలో ఒక ఖాళీ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజు నడక పేట నుంచే మొదలుపెట్టాను. మీ బంధువులు నొచ్చుకున్నారు. ఒకాయన నాతో మాట్లాడడం మానేశారు. పర్యవేక్షకురాలికి అదీ జీతంలో భాగమే, జీతం లేదు గాని.

పిల్లలకు మాత్రం ఆ "మీరేమిట్లు" ప్రశ్న గురించి ముందే చెప్పండి. ఇంట్లో చెప్పండి, విమానం ఎక్కక ముందు. మీరు చెప్పకపోతే మా ఏడో తరగతి పిల్ల చెబుతుంది.

ఫోటోల సంగతికి వస్తాను. ఇప్పుడు మా రాష్ట్రంలో బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో, గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళ కూడా అన్నం వండి పెట్టిన ఇల్లాలు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆవిడ ఫోటో కావాలని తెల్లదొరలు అడిగితే, తీయించుకోనని భీష్మించుకుందని మా గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫోటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అడగవచ్చిన అధికారి బతిమాలుకుంటే, ఆయన కోసం ఒప్పుకుందట. ఇప్పుడు మీ పిల్లలు ఆవిడ పేరు మీద పెట్టిన భోజనం దగ్గర నిలబడి, తినే పిల్లల మొహాలతో ఫోటోలు తీసుకుంటారు. అవి మర్నాటికి మీ సంఘం పేజీలో ఉంటాయి, కింద "నిరుపేద బాలలతో" అని రాసి. ఆ ఫోటోలో ఉన్న ఒక పిల్ల తండ్రికీ ఫోను ఉందండీ. చూశాడు. "మేము నిరుపేదలమని మీకు ఎవరు చెప్పారమ్మా?" అని నన్ను అడిగాడు. ఆయనకు రెండెకరాల మొక్కజొన్న ఉంది, అప్పు లేదు. క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి బడిపిల్లల మొహాలు కనిపించే ఫోటోలు వద్దన్నది నా నియమం. మీ దాతలకు చూపించాలంటే గడియ ఫోటో పంపుతాను.

ఫోను నంబర్ల విషయంలో ఇంకా కఠినంగా ఉంటాను, కారణం ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు తొమ్మిదో తరగతి అమ్మాయికి తన ఖాతా పేరు రాసిచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది లెక్కల గురించి, సినిమాల గురించి. నేను స్వయంగా చూశాను, ఒక్క తప్పుడు మాట లేదు. కాని ఆ సంగతి చెరువు గట్టు దాకా వెళ్లేసరికి రూపం మారింది. తండ్రి ఆ పిల్లను పది రోజులు బడి మాన్పించాడు. ప్రధానోపాధ్యాయులు, నేను రెండుసార్లు ఇంటికి వెళ్లి కూర్చుంటే గాని పంపలేదు. ఆ కుర్రాడు అప్పటికి విమానం ఎక్కేశాడు. వాడికి ఏమీ కాలేదు. ఇలాంటి వాటిలో వెళ్లిపోయేవాడికి ఏమీ కాదు, ఉండిపోయేదానికే అంతా. అందుకే బడిపిల్లలతో విడిగా ఫోను మాటలు ఉండవు. ఒక గదిలో ఒక బడిపిల్లతోనో పిల్లవాడితోనో మీ పిల్లలు ఒంటరిగా ఉండరు, ఎప్పుడూ మూడో మనిషి ఉండాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా బాలలే. మీ పిల్లలు కూడా. ఈ నియమం ఇద్దరికీ కాపలా.

కుక్క కరిచిన కథ మీకు సగమే తెలుసు. ఆ అబ్బాయి తల్లికి అర్ధరాత్రి ఫోను వచ్చిందని, ఆవిడ కంగారుపడి మీ అందరికీ ఫోన్లు చేశారని మాత్రమే విన్నారు. మిగతా సగం ఇది. వీధి కుక్కపిల్లను ముద్దు చేయబోతే అది పిక్క మీద గీరింది, పన్ను దిగింది. వాడు ఒక పగలు, ఒక రాత్రి ఎవరికీ చెప్పలేదు. రెండో రోజు వాడు కుంటుతుంటే నేనే పట్టుకుని అడిగాను. అప్పటికప్పుడు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. టీకా అక్కడ ఉచితంగానే ఇచ్చారు. మిగతా డోసులు రాసిన చీటీ వాడి పాస్‌పోర్టుతో పాటు పెట్టి పంపాను, చివరి డోసు మీ దేశంలోనే వేయించారు. ఎందుకు చెప్పలేదురా అంటే వాడన్న మాట: "చెబితే ఇంటికి పంపేస్తారు, గంటలు పోతాయి." రేబిస్ వచ్చాక మందు లేదు. ప్రాణం కన్నా గంటలు ఎక్కువని వాడికి చెప్పింది మీరు కాదు, నాకు తెలుసు. వాడు ఎలా అనుకున్నాడో మాత్రం ఒకసారి ఆలోచించండి.

నా దృష్టిలో పర్యవేక్షకుల అసలు పని తలలు లెక్కపెట్టడం కాదు, పిల్లలు భయపడకుండా వచ్చి చెప్పుకోగలిగే మనిషిగా ఉండడం. ఆ చనువు ఒక్క రోజులో రాదు. మొదటి ఏడు రోజులు నాకు కూడా కావాలి. ఎవరు తిండి మానేస్తున్నారు, ఎవరు రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నారు, ఎవరు తల్లిదండ్రుల బలవంతం మీద వచ్చారు, ఇవన్నీ నేను చూడాలి. బలవంతం మీద వచ్చినవాళ్లు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. పన్నెండు మందికి నేనొక్కదాన్నే చాలనుకోవడం కూడా మానండి. వందమందికి ఒకరన్న లెక్క మా కాలేజీలో చెల్లింది, ఎందుకంటే అక్కడి పిల్లలు ఇక్కడి పిల్లలే, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళతారు. మీవాళ్లకు ఆరుగురికి ఒకరైనా ఉండాలి, అందులో ఒక స్త్రీ తప్పనిసరి.

మా కాలేజీ విద్యార్థుల్ని ఒక్కొక్కరిని మీ పిల్లలకు జోడీ చేస్తాను. ఇది నాలుగో ఏడాది చేసి చూశాను, బాగా కుదిరింది. మీ పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒకసారి వాళ్లకు బడి గ్రంథాలయం సర్దమని ఇస్తే తెలుగు పుస్తకాలన్నీ అట్టల రంగును బట్టి పేర్చారు, చూడడానికి ఇంద్రధనుస్సులా ఉంది, పుస్తకం మాత్రం దొరకదు. పక్కన మా విద్యార్థి ఉంటే ఆ పని జరగదు. జోడీగా వచ్చేవాళ్లకు దారి ఖర్చు, భోజనం మీరే పెట్టుకోవాలి. వాళ్లను సహాయకులని పిలవకండి, బనియను ఇస్తే ఇద్దరికీ ఒకటే ఇవ్వండి.

తేదీల గురించి. టెక్సాసు పిల్లలకు మే చివరికే సెలవులిస్తారు కాబట్టి జూన్ మొదటి వారంలో దిగుతారు. అప్పుడు మా బడులకు తాళాలు. జూన్ 12కు తెరుస్తారు, ఆ తర్వాత రెండు వారాలు కొత్త చేరికలు, పుస్తకాలు, సంచులు, బూట్ల కొలతలు. ఉపాధ్యాయులకు ఊపిరాడదు. మీరు ఆ సమయంలోనే వచ్చి "మేడం, ఒక తరగతి ఇప్పించండి" అంటారు. జూలైలో రండి. వీసా మీద వచ్చే పిల్లలుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, పర్యాటక వీసా మీద డబ్బు తీసుకోని స్వచ్ఛంద సేవకు ఒక నెల వరకే అనుమతి.

అనాథాశ్రమంలో ఒక రోజు కార్యక్రమం పెట్టమని కొందరు ప్రతిసారీ అడుగుతారు. పెట్టను. మూడు గంటలు ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయే అక్కయ్యలు నెలకు నలుగురు వస్తే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుంది? నేపాల్‌లో ఇలాంటి సందర్శకుల డబ్బు కోసమే తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా తెచ్చి ఆశ్రమాల్లో పెట్టిన ఉదంతాలు బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆ వ్యాపారాన్ని ఆధునిక బానిసత్వంగా గుర్తించింది. దీని మీద నాతో వాదించకండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. రోజుకు ఒకసారి, మా సాయంత్రం ఏడింటికి మాట్లాడండి. కాలిఫోర్నియా వాళ్లకు అది పొద్దున్న ఆరున్నర, కాస్త ముందే లేవండి. అర్ధరాత్రి పన్నెండింటికి మీరు పిల్లకు ఫోను చేసి "అన్నం తిన్నావా, దోమలున్నాయా, బెంగగా ఉందా" అంటే, అప్పటిదాకా లేని బెంగ కూడా వస్తుంది. వార్త ఏదైనా ఉంటే ముందు నేనే చెబుతాను. ఇప్పటివరకూ దాచలేదు.

ఇవన్నీ మీకు సమ్మతమైతే ఉగాది లోపల కబురు పెట్టండి. అయిదోసారి కూడా చూసుకుంటాను. సమ్మతం కాకపోతే మరొకరిని వెతుక్కోండి, నాకు కోపం లేదు. ప్రధానోపాధ్యాయులతో ఇంకా ఏమీ చెప్పలేదు, ఆశపెట్టడం ఇష్టం లేక.

వచ్చేటప్పుడు బడికి ఏం తెమ్మంటారని మీ కార్యదర్శిగారు ఈమధ్య అడిగారు. ప్రధానోపాధ్యాయులను అడిగి చెబుతానన్నాను. అడిగాను. రెండేళ్ల క్రితం మీరిచ్చిన ఎనిమిది వాలీబాళ్లూ గాలి దిగి బీరువాలో ఉన్నాయట. మీరు పంపు ఇవ్వలేదు. పోయిన వారం ఏలూరు వెళ్లినప్పుడు నేనే ఒకటి కొనుక్కొచ్చాను, పిన్నులతో సహా. పిల్లలు ఆడుకుంటున్నారు. కాబట్టి ఏమీ తేనవసరం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
ఏలూరు జిల్లా